రాణి మీద నింద: ఆన్ బొలిన్, మధుర మంగమ్మ

సింహాసనం పోగొట్టుకున్న రాజు గురించి చరిత్రకారులు ముందుగా అడిగేది అతను ఏ యుద్ధంలో, ఎవరి చేతిలో ఓడిపోయాడని. సింహాసనం పోగొట్టుకున్న రాణి గురించి ముందుగా అడిగేది ఆమెకు ఎవరితో సంబంధం ఉండేదని. ఈ తేడాను స్త్రీల పట్ల పాతకాలపు చిన్నచూపు అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు, అది అబద్ధమూ కాదు. కానీ అలా తేల్చేస్తే ఆ నింద ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అవసరమైందన్న ప్రశ్న అడగకుండానే ఉండిపోతుంది. ఈ వ్యాసంలో నా ఆసక్తి ఆ అవసరం మీద. ఉదాహరణలుగా తీసుకున్న ఇద్దరిలో ఒకరు 1536లో లండన్‌లో తల తెగిన ఆన్ బొలిన్. రెండవవారు 1706 ప్రాంతంలో అధికారం కోల్పోయి, కథలు చెప్పేదాని ప్రకారం ఆకలితో మాడి చనిపోయిన మధుర నాయక రాణి మంగమ్మ. మొదటి ఆమె గురించి మనలో చాలామందికి నవలల ద్వారానో టీవీ ధారావాహికల ద్వారానో తెలుసు. రెండవ ఆమె తెలుగు మాట్లాడిన రాణి. అయినా 'మంగమ్మగారి మనవడు' అంటే మనకు 1984 నాటి సినిమా గుర్తొస్తుంది తప్ప, నాయనమ్మ నుంచి మధుర రాజ్యాన్ని అందుకున్న విజయరంగ చొక్కనాథుడు గుర్తుకు రాడు.

ముందు ఆన్ సంగతి. ఎనిమిదవ హెన్రీ మొదటి భార్య కాథరీన్ అతని అన్న ఆర్థర్ వితంతువు. అన్న భార్యను పెళ్ళాడడానికి పోప్ రెండవ జూలియస్ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. మగబిడ్డ నిలవకపోయేసరికి, ఇరవై ఏళ్ళ కాపురం తరవాత హెన్రీకి ఆ అనుమతే చెల్లదని, అసలు అది దైవశాసనానికి విరుద్ధమని తోచింది. కొత్త పోప్ ఏడవ క్లెమెంట్ ఆ మాట ఒప్పుకునే స్థితిలో లేడు. 1527లో రోము నగరాన్ని దోచుకున్న సైన్యం చక్రవర్తి ఐదవ చార్లెస్‌ది, ఆ చార్లెస్ కాథరీన్‌కు అక్క కొడుకు.

నేనుంటున్న బహ్రెయిన్‌కు ఈ కథతో ఒక దగ్గరి లంకె ఉంది. మనామాకు పడమటగా సముద్రం ఒడ్డున ఉన్న ఖలాత్ అల్ బహ్రెయిన్‌ను ఇక్కడ చాలామంది ఇప్పటికీ పోర్చుగీసు కోట అనే అంటారు. 1521లో ఈ దీవిని పట్టుకున్న పోర్చుగీసు సేనాని ఆంటోనియో కొర్రేయా. దీవిని కాపాడుతూ యుద్ధంలో గాయపడి మరణించిన రాజు జబ్రీ వంశపు ముఖ్రిన్. కొర్రేయా ఏ రాజు పేరిట పోరాడాడో ఆ మొదటి మాన్యుయెల్, కాథరీన్ అక్కలను ఇద్దరిని ఒకరి తరవాత ఒకరిని పెళ్ళాడినవాడు. 1498లో పెద్దామె ఇసబెల్లా చనిపోతే, 1500లో పోప్ ఆరవ అలెగ్జాండర్ అనుమతితో ఆమె చెల్లెలు మరియాను చేసుకున్నాడు. భార్య చెల్లెల్ని చేసుకోవడానికి మాన్యుయెల్‌కు, అన్న భార్యను చేసుకోవడానికి హెన్రీకి కావలసి వచ్చినవి ఒకే జాతి అనుమతులు. లిస్బన్‌లో అది ఎవరి మనస్సాక్షినీ బాధించలేదు. మరియా చాలామంది బిడ్డలను కన్నది, వారిలో తరవాతి రాజులు కూడా ఉన్నారు. లండన్‌లో బాధించింది. కాబట్టి హెన్రీ మనస్సాక్షి లెవిటికస్ చదివి మేలుకొన్నదని నమ్మేవారు, పక్క రాజ్యంలో అదే గ్రంథం చదివినవారు ఎందుకు నిశ్చింతగా నిద్రపోయారో కూడా చెప్పాలి. మత నియమం అన్నిచోట్లా ఒకటే. దానిని ఎప్పుడు గుర్తు చేసుకోవాలన్నది వారసత్వం నిర్ణయించింది.

1533లో ఆన్ రాణి అయింది. 1534లో ఇంగ్లండు మత వ్యవస్థకు రాజే అధిపతి అని చట్టం వచ్చింది. రెండేళ్ళు తిరగకుండానే ఆమె పతనం. ఆ కొద్ది నెలల తేదీలు వరసగా చూడడం అవసరం. 1536 జనవరి 7న కాథరీన్ చనిపోయింది. 29న, కాథరీన్ అంత్యక్రియలు జరిగిన రోజునే, ఆన్‌కు గర్భస్రావం అయింది. మార్చిలో ఏటా రెండు వందల పౌన్లకు లోపు ఆదాయం ఉన్న చిన్న మఠాలను రద్దు చేసే చట్టం పార్లమెంటులో నెగ్గింది. ఏప్రిల్ 2న ఆన్ దానధర్మాల వ్యవహారాలు చూసే మతాచార్యుడు జాన్ స్కిప్ రాజు సమక్షంలో ఒక ప్రసంగం చేశాడు. అందులో బైబిల్లోని ఎస్తేరు కథ చెప్పాడు: రాజును తప్పుదారి పట్టించిన మంత్రి హామాను, ప్రజలను కాపాడిన రాణి ఎస్తేరు. హామాను ఎవరో ఆ సభలో ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. మఠాల సొమ్మును ఖజానాకు మళ్ళిస్తున్న థామస్ క్రామ్‌వెల్ అక్కడే ఉన్నాడు. ఆ సొమ్ము చదువులకూ దానాలకూ పోవాలన్నది ఆన్ పక్షం. సరిగ్గా నెల తరవాత, మే 2న ఆమెను బంధించారు. 15న విచారణ, 19న మరణశిక్ష.

నేరం వ్యభిచారం, రాజద్రోహం. ఐదుగురు మగవాళ్ళు, వారిలో ఒకడు సొంత అన్నదమ్ముడు జార్జ్. ఒప్పుకున్నవాడు ఒక్కడే, సంగీతకారుడు మార్క్ స్మీటన్. అభియోగ పత్రంలో ఇచ్చిన తేదీలను, స్థలాలను ఎరిక్ ఐవ్స్ ఒక్కొక్కటిగా సరిచూస్తే దాదాపు ముప్పావు వంతు సందర్భాల్లో ఆమె గానీ ఆ మనిషి గానీ అక్కడ లేరని తేలింది. అంతకంటే విచిత్రం, మే 17న ఆర్చిబిషప్ క్రాన్మర్ ఆమె వివాహమే మొదటినుంచీ చెల్లదని తీర్పు ఇచ్చాడు. పెళ్ళే చెల్లకపోతే ఆమె భార్య కాదు, భార్య కాకపోతే వ్యభిచారం ఎక్కడిది? రెండు రోజుల తేడాతో వెలువడిన రెండు తీర్పుల్లో ఒకటి నిజమైతే రెండవది అబద్ధం. ఈ వైరుధ్యం ఆనాటి న్యాయవేత్తలకు కనిపించలేదనుకోవడం వాళ్ళ తెలివిని అవమానించడమే. రెండు తీర్పులూ రెండు వేరువేరు పనులకు కావాలి. ఆమె చావడానికి మొదటిది, ఆమె కూతురు ఎలిజబెత్ వారసత్వం పోవడానికి రెండవది. మే 30న హెన్రీ జేన్ సీమోర్‌ను పెళ్ళి చేసుకున్నాడు.

ఇంగ్లీషు చరిత్రకారులు ఈ పతనం మీద నాలుగు దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. క్రామ్‌వెల్ పన్నిన రాజకీయ కుట్ర అని ఐవ్స్. గర్భస్రావమైన పిండం వికృతంగా ఉండడం వల్ల మంత్రగత్తె భయం పుట్టిందని రెథా వార్నికె. ఆన్ సరసపు మాటల్లో జారిన నోటి దురుసు ఆమెను ముంచిందని గ్రెగ్ వాకర్. ఆమె నిజంగానే కొంత దోషి అయి ఉండవచ్చునని జి. డబ్ల్యూ. బెర్నార్డ్. నాకు ఐవ్స్ వాదం బలంగా తోస్తుంది, కానీ అందులో ఒక లోపం ఉంది. కుట్ర ఎవరు పన్నారో చెప్పే క్రమంలో, మతాన్ని ఆయన కుట్రకు పనిముట్టుగా మాత్రమే మిగిల్చేస్తాడు. స్కిప్ ప్రసంగం చదివితే అలా అనిపించదు. మఠాల సొమ్ము ఎటు పోవాలన్నది ఒకే సమయంలో దైవ విషయమూ, ఖజానా విషయమూ. ఆ రెండింటినీ విడదీసి 'మతమా, రాజకీయమా' అని అడగడం మన కాలపు అలవాటు. బెర్నార్డ్ వాదం గురించి ఒక్క మాట: నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతకు పాదసూచికలు చేర్చినంత మాత్రాన అది సాక్ష్యం కాదు.

ఇక మధురకు వద్దాం.

మంగమ్మ, చొక్కనాథ నాయకుడి సేనానుల్లో ఒకడైన తుపాకుల లింగమ నాయకుడి కూతురు. తంజావూరు విజయరాఘవ నాయకుడు పిల్లనివ్వనన్నందుకు 1673లో ఆ రాజ్యాన్నే నేలమట్టం చేసినవాడు ఈ చొక్కనాథుడే. మన సాహిత్య చరిత్రల్లో తంజావూరు వైభవం ముగిసిన అధ్యాయం చివర అతని పేరు ఒక శత్రువుగా కనిపిస్తుంది. 1682లో అతను మరణించాడు. కొడుకు రంగకృష్ణ ముద్దు వీరప్ప ఏడేళ్ళు ఏలి 1689లో మశూచితో పోయాడు. అప్పటికి అతని భార్య ముద్దమ్మ గర్భవతి. ఆమె సహగమనం చేస్తానంటే అత్తగారు మంగమ్మ వారించిందని, బిడ్డ పుట్టిన తరవాత ఆమె తన ప్రాణం తానే తీసుకుందని సంప్రదాయం. ఆ పసికందు పేరిట మంగమ్మ 1689 నుంచి 1706 వరకు రాజ్యం చేసింది.

ఆ పదిహేడేళ్ళు తేలికైనవి కావు. జింజి కోట చుట్టూ మొగలు సేనాని జుల్ఫికర్ ఖాన్ ఏళ్ళ తరబడి మకాం వేసి ఉన్నాడు. ఉత్తరాన ఔరంగజేబు, పడమట మైసూరు చిక్కదేవరాయలు, తూర్పున తంజావూరు మరాఠాలు, దక్షిణాన తిరువాన్కూరు, పక్కలో బల్లెంలా రామనాథపురం కిళవన్ సేతుపతి. మంగమ్మ మొగలులకు కప్పం కట్టింది, అవసరమైతే కానుకలిచ్చి దారి తప్పించింది. 1697లో దళవాయి నరసప్పయ్యను తిరువాన్కూరు మీదికి పంపి రావలసిన కప్పం రాబట్టింది. తరవాత తంజావూరు మీద కూడా అతనే గెలిచాడు. రాజధాని తిరుచిరాపల్లి నుంచి దక్షిణానికి బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించింది. మధుర రైల్వే స్టేషను ఎదుట ఆమె పేరిటి సత్రం ఇప్పటికీ ఉంది. బాటలు వేసిన రాణి కాబట్టే కాబోలు, తమిళనాడులో ఒకప్పుడు దిండిగల్లు కేంద్రంగా నడిచిన ప్రభుత్వ బస్సు సంస్థకు రాణి మంగమ్మాళ్ పేరు పెట్టారు. తమిళంలో నా. పార్థసారథి ఆమె మీద నవల రాశాడు. అరవవారు ఆమెను మరిచిపోలేదు.

ఆమె మత విధానాన్ని ఆధునిక చరిత్రకారులు, ముఖ్యంగా 1924లో మధుర నాయకుల చరిత్ర రాసిన సత్యనాథ అయ్యరు, 'సర్వమత సహనం' అన్న శీర్షిక కింద పెడతారు. 1701లో మనుమడి పేరిట తిరుచిరాపల్లి నథర్ వలీ దర్గాకు భూదానం. జెసూట్ పాదరీలకు రాజధానిలో ప్రవేశం. 1705లో, మధురలోని సౌరాష్ట్రులు ఉపాకర్మ చేసుకున్నందుకు వారిలో పద్ధెనిమిది మందిని స్థానికాధికారి నిర్బంధిస్తే, విద్వాంసులతో విచారణ జరిపించి, వారికి ఆ హక్కు ఉన్నదని తేల్చడం. ఈ పనులు మెచ్చదగినవే. కానీ 'సహనం' అన్న మాట ఇక్కడ ఏమీ వివరించదు. ఔరంగజేబు సేనాని ఉత్తరపు పొలిమేరలో ఉన్నప్పుడు రాజధాని నడిబొడ్డున ఉన్న దర్గాకు ఊళ్ళు రాసివ్వడం భక్తి కావచ్చు, అదే సమయంలో చక్కని దౌత్యం కూడా. పట్టు నేసి పన్ను కట్టే కులం ఆచార వివాదాన్ని స్థానికాధికారి చేతిలోంచి తీసుకొని కొలువులో తేల్చడం ధర్మనిర్ణయం కావచ్చు, అదే సమయంలో ఆ అధికారికి తన స్థానం చూపించడం కూడా. ఆన్ విషయంలో మఠాల సొమ్ముకు ఏ సూత్రం వర్తించిందో ఇక్కడా అదే వర్తిస్తుంది. ఒక ముఖ్యమైన తేడా మాత్రం ఉంది. లండన్‌లో రాజు ఏ మతం పాటిస్తే ప్రజలూ అదే పాటించాలన్నది చట్టం. తిరుచిలో అలాంటి చట్టం లేదు. అందువల్ల మంగమ్మ పతనానికి ఆమె దర్గా దానమో, పాదరీల పట్ల మెతకదనమో కారణమని చెప్పే ప్రయత్నాలు నిలవవు. అవి పదహారవ శతాబ్దపు ఇంగ్లండును పద్ధెనిమిదవ శతాబ్దపు తిరుచికి అంటుకట్టడమే.

ఈ తేడాను రుజువు చేసే ఉదంతం పక్క రాజ్యంలోనే ఉంది. లిస్బన్‌లో పుట్టిన జాన్ డి బ్రిట్టో మధుర జెసూట్ మిషను పాదరీ. బహ్రెయిన్‌లో కోట కట్టుకున్న పోర్చుగీసు కిరీటమే ఆ మిషనుకూ ప్రాపకం. ఈ దీవి 1602లో పోర్చుగీసుల చేజారింది. నాలుగేళ్ళకు రాబర్ట్ డి నోబిలి మధుర చేరాడు. బ్రిట్టో 1693 జనవరిలో రామనాథపురం గద్దెకు హక్కుదారుడైన తడియ తేవరుకు జ్ఞానస్నానం ఇచ్చాడు. క్రైస్తవుడైన తేవరు ఒక్క భార్యను ఉంచుకొని తక్కినవారిని పంపివేశాడు. అలా వెళ్ళినవారిలో ఒకామె కిళవన్ సేతుపతికి మేనకోడలు. ఫిబ్రవరి 4న ఓరియూరులో బ్రిట్టో తల తెగింది. కొత్త భార్య కోసం ఒక రాజు రోమును వదిలేసిన కథ హెన్రీది. రోము కోసం ఒక దొర పాత భార్యలను వదిలేసిన కథ తడియ తేవరుది. రెండు చోట్లా తల పోయింది వేరేవాళ్ళది. అయితే సేతుపతి కోపం మేనకోడలి పరాభవంతోనే ముగిసేది కాదు. గద్దె మీద హక్కున్న దాయాది, తనకు లొంగని ఒక కొత్త కట్టుబాటులోకి, దాని వెనుక ఉన్న విదేశీ అండలోకి పోతున్నాడన్న భయం అందులో ఉంది. సాటి పాదరీలు ఈ మరణాన్ని విశ్వాసం కోసం బలిదానంగా చూశారు, 1947లో రోము బ్రిట్టోను పునీతుడిగా ప్రకటించింది. ఆ వివరణ తప్పని నేననను, అది ఒక పక్షం వివరణ.

మంగమ్మ అధికారం నిజానికి ఎక్కడ సడలింది? నా లెక్కలో 1702లో. ఆ ఏడు రామనాథపురం మీదికి వెళ్ళిన సైన్యం ఓడింది, దళవాయి నరసప్పయ్య యుద్ధంలో చనిపోయాడు. పసివాడి పేరిట పాలించే స్త్రీకి సింహాసనం మీద సొంత హక్కు ఏదీ లేదు. ఆమె హక్కు రెండు కాళ్ళ మీద నిలిచింది. ఒకటి మనుమడి పసితనం, రెండవది సైన్యాన్ని చేతిలో ఉంచిన నమ్మకస్తుడైన సేనాని. రెండవది 1702లో విరిగింది. మొదటిది ఏటేటా అరుగుతూ వచ్చింది, 1706 నాటికి విజయరంగ చొక్కనాథుడికి పదిహేడేళ్ళు. మగబిడ్డ లేక ఆన్ ఎంత నిరాధార అయిందో, మగబిడ్డ పెద్దవాడై మంగమ్మ అంత నిరాధార అయింది. దీనికి ప్రేమకథ అక్కరలేదు.

కానీ ప్రేమకథే మిగిలింది. 1868లో 'మధుర దేశం' అన్న గ్రంథం రాసిన జె. హెచ్. నెల్సన్ లాంటి కలెక్టరు కచేరీ ఉద్యోగులు స్థానికుల నోట విని రాసుకున్నది ఇది: మంత్రి అచ్చయ్యతో రాణికి చనువు ఏర్పడింది, మనుమడు యుక్తవయస్కుడైనా ఆమె అధికారం వదలలేదు, అప్పుడు అతని పక్షంవారు ఆమెను బంధించి, కటకటాల అవతల కంటికి ఆనేటట్టు, చేతికి అందనట్టు అన్నం పెట్టి, ఆకలితో చంపారు. మీనాక్షి ఆలయంలో రాణి బొమ్మ పక్కన కనిపించే పురుషుడిని కూడా ఈ కథకు సాక్ష్యంగా చూపుతారు. రాజు పక్కన మంత్రి నిలబడిన చిత్రాలు దేశంలో వేలకు వేలు ఉన్నాయి, వాటిని ఎవరూ ప్రేమకు సాక్ష్యంగా చూపరు.

కథ నిర్మాణం చూడండి. చంపిన పద్ధతిని అది దాచదు, పైగా వివరంగా వర్ణిస్తుంది. సొంత నాయనమ్మను, తనను పెంచి పట్టం కట్టబెట్టిన మనిషిని, అన్నం ఎదురుగా పెట్టి ఆకలితో చంపడం ఏ ధర్మశాస్త్రం ప్రకారమూ చెల్లని పాపం. ఆ పాపం పక్కన తూకానికి ఇంకేదో పెట్టాలి. అచ్చయ్య ఆ తూకపురాయి. అతను నిజంగా ఉన్న మంత్రే కావచ్చు, రాణికి ఆంతరంగికుడూ కావచ్చు, నరసప్పయ్య పోయిన తరవాత ఆమెకు ఎవరో ఒకరు కావలసిందే కదా. కానీ అతను కథలో ఉన్నది రాణి కోసం కాదు, మనుమడి కోసం.

ఇంకొక కథ దీనికంటే పాతదో కొత్తదో గానీ, దీనికంటే లోతైనది. ఒకనాడు రాణి పరాకున ఎడమచేత్తో తాంబూలం నోట పెట్టుకుందట. ఆ అపచారానికి ప్రాయశ్చిత్తంగానే బాటలు, సత్రాలు, చెరువులు చేయించిందట. పైకి ఇది చిన్నపిల్లల కథలా ఉంటుంది. బ్రాహ్మణ పండితుల సలహా, రాణి వినయం, ప్రజలకు బాటలు. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే, ఎడమచేయి కాదు అసలు విషయం. ఆమె వితంతువు. ఆచారం ప్రకారం వితంతువుకు తాంబూలం ఏ చేత్తోనూ లేదు. పసుపు, కుంకుమ, పువ్వులతోపాటు అది కూడా పోతుంది. మన ఇళ్ళలో రెండు తరాల వెనక్కి వెళితే ఇది తెలియని ముసలమ్మ ఉండదు. ఆ కథ విన్న పద్ధెనిమిదవ శతాబ్దపు శ్రోతకు ఇది తట్టకుండా ఉండదు. కథ ఎడమచేతి వైపు చూపిస్తూ, నోటిలోని తాంబూలాన్ని మనచేత గమనింపజేస్తుంది. పెదవులు ఎర్రగా ఉన్న వితంతువు ఎవరికోసం అలంకరించుకున్నది అన్న ప్రశ్న అడగకుండానే అడుగుతుంది. అచ్చయ్య పేరు ఎత్తకుండా అచ్చయ్య కథ చెప్పడం ఇది. అంతేకాదు, రాజ్యమంతా కనిపించే ఆమె పరిపాలనా సామర్థ్యాన్ని, ఆ బాటలను, సత్రాలను, ఒక పాపానికి పరిహారంగా కుదించేస్తుంది. రాజు బాట వేస్తే కీర్తి, రాణి బాట వేస్తే ప్రాయశ్చిత్తం.

ఆ పక్కనే కోడలు ముద్దమ్మ ఉంది. భర్త పోయాక బతకడానికి ఇష్టపడని ఆదర్శ వితంతువు. బతికి, రాజ్యం చేసి, తాంబూలం వేసుకున్న వితంతువు మంగమ్మ. సంప్రదాయం ఈ ఇద్దరినీ ఒకే గడప మీద ఎదురెదురుగా నిలబెట్టింది. మంగమ్మ పతనంలో మతం పాత్ర ఏమిటంటే నేను చూపేది ఇక్కడ: దర్గాలో కాదు, చర్చిలో కాదు, స్త్రీధర్మంలో. ఆ ధర్మం ఆమెను పడదోయలేదు, పదిహేడేళ్ళు ఆమె దానిని పక్కన పెట్టి ఏలింది. రాజకీయంగా ఆమె పడిపోయిన తరవాత, ఆ పతనాన్ని న్యాయంగా కనిపించేటట్టు చేసే భాష ఆ ధర్మంలో సిద్ధంగా దొరికింది. ఆన్ విషయంలో ఆ భాషను న్యాయస్థానం తేదీలతో సహా రాసి మనకు మిగిల్చింది, కాబట్టి ఐవ్స్ దానిని సరిచూడగలిగాడు. మంగమ్మ మీద అభియోగ పత్రం లేదు. ఖండించడానికి తేదీ కూడా లేని నింద అన్నిటికంటే గట్టి నింద.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఇక్కడ ఇంకొక ఆసక్తికరమైన సంగతి ఉంది. విజయరంగ చొక్కనాథుడు భక్తుడు, తీర్థయాత్రలకు, ఆలయ దానాలకు పేరు పొందినవాడు. శ్రీరంగం ఆలయంలో అతని నిలువెత్తు విగ్రహం ఉంది. శ్రీరంగ మాహాత్మ్యాన్ని, మాఘ మాహాత్మ్యాన్ని స్వయంగా తెలుగు వచనంలో రాశాడు. అతని కొలువు ఛాయలోనే శేషము వేంకటపతి 'తారాశశాంకవిజయము', సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు 'అహల్యాసంక్రందనము' రాశారు. ఒకటి గురుపత్ని తార చంద్రుణ్ణి కోరిన కథ, ఇంకొకటి గౌతముడి భార్య అహల్య ఇంద్రుణ్ణి చేరిన కథ. ఆ వేంకటకృష్ణప్ప నాయకుడే వచనంలో 'సారంగధర చరిత్ర' కూడా చెప్పాడు. దానిలో రాజు లేని అక్రమ సంబంధాన్ని నమ్మి కన్నకొడుకు కాళ్ళూ చేతులూ నరికిస్తాడు. మన సాహిత్య చరిత్రకారులు ఈ కావ్యాలను 'క్షీణయుగం', 'పచ్చి శృంగారం' అని మందలించి ముందుకు సాగిపోతారు. రాణి మీద అక్రమ ప్రేమ నింద మోపిన ఒక కోటలో, ఆమె పోయిన పాతికేళ్ళ లోపు, కవులు వరసగా ఇదే వస్తువు పట్టుకోవడం యాదృచ్ఛికమే కావచ్చు. ఇలాంటి వస్తువులు తంజావూరులోనూ ఉన్నాయి, కాబట్టి తార అంటే మంగమ్మ అని సమీకరణం రాయడం తొందరపాటు. అయినా ఆ శ్రోతలు ఆ కావ్యాలను ఏ జ్ఞాపకాలతో విని ఉంటారన్న ప్రశ్న అడగదగినదే. పైగా తార కథలో పుట్టిన బుధుడి నుంచే చంద్రవంశం సాగుతుంది. 1536లో అక్రమ సంతానంగా తేల్చిన ఎలిజబెత్ 1558లో రాణి అయినట్టు.

ఆ విజయరంగుడు 1732లో సంతానం లేకుండా పోయాడు. అతని భార్య మీనాక్షి, దాయాది బంగారు తిరుమల నాయకుడి కొడుకును దత్తత తీసుకొని, మళ్ళీ ఒక పసివాడి పేరిట రాజ్యం చేయబోయింది. ఆ దాయాదికీ ఆమెకూ తగవు వచ్చింది. ఆర్కాటు నవాబు అల్లుడు చందా సాహెబ్ మధ్యవర్తిగా వచ్చాడు. కోటి రూపాయలు ఇస్తానన్న రాణికి రక్షణ ఇస్తానని ఖురాను మీద ప్రమాణం చేశాడనీ, గుడ్డ చుట్టిన ఆ పవిత్ర గ్రంథం నిజానికి ఒక ఇటుక అనీ కథ. 1736 ప్రాంతంలో ఆమె తన కోటలోనే బందీ అయింది, విషం తాగింది. మధుర నాయక వంశం అక్కడితో సరి.

ఇటుక నిజమో కాదో నాకు ముఖ్యం కాదు. నాకు ముఖ్యమైనది ఆ కథలో లేనిది. ఆ కథ మీనాక్షి మీద అక్రమ సంబంధం అంటగట్టదు. ఆమెకు అచ్చయ్య లేడు, స్మీటన్ లేడు. మంగమ్మ మనుమడి భార్య ఆమె, అదే వితంతువు, అదే తిరుచి కోట, అదే పసివాడి పేరిటి పాలన. తేడా ఒక్కటే. ఆమెను పడదోసినవాడు బయటివాడు. గెలిచి ఆక్రమించుకున్నవాడికి నైతిక కారణం అక్కరలేదు, అతనికి బలం చాలు. పైగా కథ చెప్పేవాళ్ళు అతని పక్షం కాదు, కాబట్టి నింద అతని మీదనే, ఇటుక రూపంలో, పడింది. మంగమ్మను పడదోసినవాళ్ళు అదే ఇంటివాళ్ళు, ఆన్‌ను చంపించినవాడు కట్టుకున్నవాడు. వాళ్ళు మర్నాడు అదే ఇంట్లో, అదే సింహాసనం మీద, అదే ప్రజల ముందు కూర్చోవాలి. అచ్చయ్యను సృష్టించిందీ, ఐదుగురిని టవరుకు పంపిందీ ఆ మర్నాడే.